వెనక నిలబడే చోటు

పగిలిన వెనక లైటు మూతకున్న కింది మరమేకు తిరగలేదు. తుప్పు తినేసి దాని తల అరిగిపోయింది. గ్లెనిస్ మళ్ళీ రెండు చుక్కలు నూనె వేసి, సెడూనా ఊరి సముద్రపు గాలికి ఎగిరే జుట్టును చెవి వెనక్కి తోసుకుని, ఇల్లూ బండీ ఒకటైన మోటార్‌హోమ్ వెనక బంపరు మీద కూర్చుంది. నూనె దిగేదాకా ఆగాలి.

నిన్న ఫోన్లో మరిది మెర్వ్ అన్నాడు: "పగిలిన లైటుతో ఆ బండి రోడ్డెక్కదు వదినా. అమ్మేద్దాం. అన్నయ్యే పోయాక నడిపేదెవరు?"

"నేను."

అతను నవ్వాడు. కసిరినా బాగుండేది. "సరే, రేపు సాయంత్రం వస్తా. లైట్లన్నీ వెలిగాయా, మళ్ళీ అమ్మే మాటెత్తితే ఒట్టు!"

ఈ బండి మీద తిరిగిన ఇన్నేళ్ళూ ఏ ఊళ్ళో ఆగినా ముందు దిగేది ఆమే. బండి వెనక, కుడి పక్కన, బండి వెనక్కి తీసే భర్త నెవిల్‌కు అద్దంలో కనబడేలా నిలబడి చెయ్యి ఊపాలి. ఆ తర్వాత నీళ్ళ గొట్టం తగిలించాలి, కరెంటు తీగ లాగాలి, బంగాళాదుంపలు ఉడకెయ్యాలి. నెవిల్ కుర్చీ వేసుకుని, పక్క బండివాళ్ళతో బీరు తాగుతూ, నడిపి నడిపి నడుం విరిగిందనేవాడు. స్ట్రీకీ బే అనే ఊళ్ళో ఒక మునిమాపు వేళ బండి వెనక్కి తీస్తుంటే కుళాయి స్తంభానికి తగిలి ఈ లైటు పగిలింది. ఆమె చెయ్యెత్తింది. అరిచింది కూడా. "నువ్వు కనబడితేగా! నిలబడ్డం కూడా రాదా నీకు?" అన్నాడు అందరిముందూ. తర్వాత అదొక వేడుక కథ అయింది. "మా ఆవిడ చెయ్యి ఊపిందంటే స్తంభాలే నడిచొస్తాయి!" అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వీ నవ్వీ, చివరికి నమ్మింది. నిలబడ్డమే రానిదానికి నడపడమెందుకని, స్టీరింగు ఇమ్మని ఒక్కసారీ అడగలేదు.

మర కిర్రుమని కదిలింది.

పగిలిన లైటు మీద నెవిల్ అంటించిన ఎర్ర టేపుతో సహా మూత ఊడి చేతిలోకి వచ్చింది. లోపల పాత దుమ్ము గడ్డకట్టి ఉంది. దాని మధ్య, ఒక వైరు కొసకు నల్ల టేపు చుట్టి ఉంది. టేపు చివర వెనక్కి మడిచి ఉంది, ఊడదీసేటప్పుడు వేలికి దొరికేలా. పిండి పొట్లాలకూ, చివరి రోజుల్లో మందుల డబ్బాకూ నెవిల్ అలాగే మడిచేవాడు. గ్లెనిస్ ఆ మడత మీద వేలుంచింది. అతను పోయిన ఇన్ని నెలల్లో ఇంత దగ్గరగా ఎక్కడా తగల్లేదు. కళ్ళు తుడుచుకున్నాక, అది ఏ వైరో చూసింది.

బండి వెనక్కి వచ్చేటప్పుడు వెలిగే తెల్లలైటుది. అద్దంలో మనిషి కనబడేది ఆ వెలుగులోనే. తీగ పై తొడుగు ఒరుసుకుపోయి ఉంది. బాగు చెయ్యకుండా కత్తిరించి, చుట్టి, మూసేశాడు. ఎప్పుడు? స్తంభానికి తగిలాక ఈ మూత ఎవరూ విప్పలేదు. పైన ఎర్ర టేపు అంటించారంతే. అంటే అంతకు ముందే. ఆమెను చీకట్లో నిలబెట్టి, కనబడలేదని అందరిముందూ అన్నప్పుడు అతనికి తెలుసు. ఆ కథ చెప్పిన ప్రతిసారీ తెలుసు.

అడగడానికి మనిషి లేడు. కోప్పడదామంటే, ఆ టేపు మడత ఇంకా వేలికిందే ఉంది.

చాలాసేపటికి లేచింది. పాడైన ముక్క తీసి కొత్త వైరు కలిపింది. కొత్త లైటు బిగించి, వాన దిగకుండా అంచులకు సిలికాన్ రాసింది. చీపురు కర్ర అడ్డంపెట్టి బ్రేకు నొక్కి ఉంచి, వెనక్కి వెళ్ళి చూసింది. ఎరుపు వెలిగింది. తర్వాత ఇండికేటర్లు.

మెర్వ్ వచ్చేసరికి పొద్దు వాలింది. బండి చుట్టూ తిరిగి, వేలితో సిలికాన్ తాకి చూశాడు. "ఎవరు చేశారు వదినా?"

"నేనే."

"ఊఁ... సరే, తాళాలు ఇటియ్యి. వెనక్కి తీసి చూద్దాం. నువ్వెళ్ళి వెనక నిలబడు. చూసుకో, మళ్ళీ ఏ స్తంభాన్నో పిలిచేవు!"

గ్లెనిస్ తాళాలు ఇవ్వలేదు. తలుపు తీసి, నెవిల్ సీట్లో కూర్చుని, అద్దం తన ఎత్తుకు దించుకుంది. బండి స్టార్ట్ చేసి రివర్స్ గేరు వేసింది. వెనక నేల మీద తెల్లటి వెలుగు పరుచుకుంది.

"నువ్వెళ్ళి నిలబడు మెర్వ్," అంది. "నాకు బాగా కనబడతావు."