షాపు అద్దంలో సున్‌డక్ అవ్వ

కొరియాలోని గున్సాన్ చేపల బజారు మలుపులో ప్యో గ్వాంగ్‌సూకు ఫొటో స్టూడియో ఉంది. ఆ ఊళ్లో ముసలివాళ్లు కాళ్లూ చేతులూ ఆడుతుండగానే చావు ఫొటో తీయించుకుంటారు. పోయిననాడు పూలమధ్య పెట్టేది అదే. ముందుగా తీయించుకుంటే ఆయుష్షు పెరుగుతుందని వాళ్ల నమ్మకం.

సున్‌డక్ అవ్వది ఎంత బాగా కుదిరిందంటే, ఆ బోసినవ్వుకు గ్వాంగ్‌సూ మురిసిపోయి, పెద్దది చేయించి, వీధిలోకి కనబడేలా షాపు ముందరి అద్దంలో పెట్టాడు. చేజేతులా నెత్తిమీదికి తెచ్చుకున్నాడు. అప్పటికే ఎనభై దాటిన అవ్వ తొంభై కూడా దాటేసింది. అదంతా ఆ అద్దం మహిమేనని బజారు తేల్చేసింది. ముసలమ్మలు వరస కట్టారు. పెళ్లికూతుళ్లూ, పసిపిల్లల తల్లులూ మాత్రం అవతలి వీధి స్టూడియోకి పోయారు. చావు ఫొటో పెట్టిన చోట బిడ్డను ఎవరు కూర్చోబెడతారు చెప్పండి?

"అక్కడ మన పాప ఫొటో పెట్టండి. లేదంటే కొట్టు మూసెయ్యండి," అంది భార్య మియోన్.

ఓ పొద్దున ధైర్యం చేసి అవ్వను దించి పాపను పెట్టాడు. ఆ వారంలోనే అవ్వకు జ్వరం తగిలింది. ఎదురుగా చేపలు కోసే మొక్పో వదిన చేతిలో కత్తితోనే షాపులోకి వచ్చింది.

"ఏమయ్యా, బంగారంలాంటి మనిషిని పొట్టన పెట్టుకుంటావా?"

"అది జలుబు వదినా. వానలో తడిసింది."

"ఇన్నేళ్లూ తడవలేదా?"

గ్వాంగ్‌సూ అవ్వను మళ్లీ అద్దంలోకి ఎక్కించాడు. జ్వరం దిగిపోయింది. ఇంకేముంది, గ్వాంగ్‌సూ మెడకు ఉచ్చు బిగిసింది.

లేచి తిరగగలిగిన రోజున అవ్వ కర్ర ఊతంతో షాపుకొచ్చింది.

"ఒరే అబ్బీ, దాన్ని దించెయ్యరా."

"ఏమైంది అవ్వా?"

"మొగుడు పోయాడు. కొడుకులిద్దరూ పోయారు. మోకాళ్లు పోయాయి. నేను మాత్రం ఇక్కడ ఇకిలిస్తూ కూర్చున్నాను. జావ కూడా సయించట్లేదు. చాల్రా నాయనా, నన్నొదిలెయ్."

గ్వాంగ్‌సూకు ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు సిగ్గూ వేసింది. అవ్వే అడిగాక ఇంకేం అడ్డు? అద్దం తలుపు తీసి ఫ్రేము మీద చేయి వేశాడు. ఎదురుగా మొక్పో వదిన కోయడం ఆపింది. ఎండుచేపలమ్మే ఆవిడ లేచి నిలబడింది. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. చేయి వెనక్కి తీసుకున్నాడు.

"రేపు దించుతాలే అవ్వా."

"వాళ్లంటే భయమా?"

"భయమే. దించాక నీకేమన్నా అయితే నన్నీ బజార్లో బతకనివ్వరు."

అవ్వ తన ఫొటో వంక చాలాసేపు చూసింది.

"నాకూ భయమేరా," అంది. "లేకపోతే నిన్నెందుకు అడుగుతాను? నేనే దించుకుని పోయేదాన్ని. ఆ తలుపు మూసెయ్, దుమ్ము పడుతుంది."