ముప్పావు కిలో రుచి

మా బాబాయి బరువు తొంభై నాలుగు కిలోల దగ్గర ఆగిపోయి ఆరు వారాలైంది. నూట నాలుగు నుంచి చకచకా దిగి, అక్కడికొచ్చి మొండికేసింది.

డాక్టరు అడిగింది తొంభై రెండు. అంతకు మించి ఉంటే మోకాలి ఆపరేషన్ చెయ్యనన్నాడు. చేయించుకోవడానికి వీలయ్యేదీ ఏడాదికి ఒక్కసారే. బాబాయి ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటవాడు. మరమ్మతులకని ఫ్యాక్టరీ మూడు వారాలు మూస్తే తప్ప ఆయన పొయ్యిలు ఆరవు. దానికింకా ఐదు వారాలుంది. ఈసారి తప్పితే మరో ఏడాది ఆ మోకాలితోనే ఎనిమిది వందల మందికి వండాలి. ఇప్పటికే మెట్లు పక్కకు తిరిగి పీతలా దిగుతున్నాడు. "స్టోర్స్‌లో కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది మాస్టారూ" అని మేనేజరు రెండుసార్లు ప్రేమగా అన్నాడు. బాబాయి ఆ ప్రేమకే బెంగపెట్టుకున్నాడు.

పొద్దున్నే లేచి బరువు మిషన్‌ను చంకన పెట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. వంటింట్లో తొంభై నాలుగు, హాల్లో తొంభై నాలుగుంబావు, పడగ్గదిలో మళ్లీ తొంభై నాలుగు. క్షవరం చేయించుకొచ్చి ఎక్కి చూశాడు. ఊపిరి బిగబట్టి ఎక్కాడు. వదిలేసి ఎక్కాడు. ఒకరోజు ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"రెండో కాలు గాల్లో ఉన్నా మీదే కదండీ" అంది పిన్ని.

తిండి విషయంలో పిన్ని పట్టుకున్న కొరడా మామూలుది కాదు. పొద్దున ఉడికిన గుడ్డు, మధ్యాహ్నం డబ్బా నిండా ఉడికించిన కూరగాయలు, సాయంత్రం గంట నడక. ఆ నడకకు కాపలా కూడా తనే. ఇన్ని చేసినా బరువు కదలకపోయేసరికి ఆవిడకు అనుమానం పట్టుకుంది.

"నువ్వూ అక్కడే ఉంటావు కదే. మీ బాబాయి చాటుగా ఏం మింగుతున్నాడో ఓ కన్నేసి ఉంచు" అంది నాతో.

నేను అదే క్యాంటీన్‌లో కూపన్లు తీసుకుంటాను. కూపన్ల బల్ల దగ్గర్నుంచి వంటశాల మొత్తం కనిపిస్తుంది. మూడు రోజులు చూశాను. బాబాయి తన డబ్బా తెచ్చుకుని, గోడవైపు తిరిగి, శిక్ష పడ్డవాడిలా తిన్నాడు. మీటింగులో ఇచ్చిన బిస్కెట్లు పక్కవాళ్లకిచ్చేశాడు. ఆఫీసరు కూతురి పెళ్లి మిఠాయి వాసన చూసి వదిలేశాడు. నాకే జాలేసింది.

నాలుగో రోజు ఆయన అరచెయ్యి కనబడింది.

అంతకుముందు కనబడలేదని కాదు. రోజూ కనబడేదాన్ని మనం చూడం. బాబాయి గుండిగలో గరిటె ముంచి, అరచేతిలో కాస్త వంచుకుని, చప్పున నాకి, భుజం మీది తువాలుకు తుడుచుకుంటాడు. ఉప్పు వేశాక ఓసారి. కారం వేశాక ఓసారి. దించే ముందు, దించాక, వడ్డనకు పంపే ముందు. నాలుగు రకాలు, ఒక్కోదానికి మూడేసి గుండిగలు.

మర్నాడు ఒక స్టీలు గిన్నె పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఆయన చేతిలో ఎంత వంచుకుంటే నేనూ గిన్నెలో అంత వేశాను.

"ఏంటమ్మాయ్ అది?"

"పిన్నికి" అన్నాను. అబద్ధం కాదు.

ఇంటికెళ్లి ఆ గిన్నె బల్ల మీద పెట్టాను. పిన్ని కూరగాయలు తూచే చిన్న త్రాసు తెచ్చి తూచింది. గిన్నె బరువు తీసేస్తే ముప్పావు కిలో. పప్పు, కూర, సూప్, పాయసం అన్నీ కలిసి బురదలా ఉంది.

"ఎవరిదిది?" అన్నాడు బాబాయి.

"మీదే బాబాయ్. ఈ పూటది."

"నేను తిన్లేదే."

"రుచి చూశారు."

ఆయన పిన్ని వైపు తిరిగాడు. "రుచి చూడటం తినడమెలా అవుతుంది? అలాగైతే దర్జీ కుట్టిన చొక్కాలన్నీ దర్జీవేనా?"

"దర్జీ చొక్కాలు మింగడు కదండీ."

"పది కిలోలు తగ్గినప్పుడూ రుచి చూశానుగా. అప్పుడు అడ్డం రాలేదే?"

అది నిజమే. పిన్ని డాక్టరుకు ఫోన్ చేసి అడిగింది. ఒళ్లు బరువుగా ఉన్నప్పుడు తిండి ఎక్కువ ఖర్చవుతుందట. తగ్గాక అది పొదుపు నేర్చుకుంటుందట. అప్పుడు చెల్లిపోయిన ముప్పావు కిలో ఇప్పుడు చెల్లడం లేదు.

"నోట్లో వేసుకుని ఉమ్మెయ్యండి, సరి" అంది పిన్ని.

"వండే చోట ఉమ్మనా?" బాబాయి మొహం చూసి పిన్ని ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు వాసన పట్టి వండుతానన్నాడు. వెల్డింగ్ ఫోర్‌మన్ కంచం పట్టుకుని నేరుగా పొయ్యి దగ్గరికొచ్చాడు.

"మాస్టారూ, మా అందరికీ బీపీ ఉందని ఎవరు చెప్పారు మీకు?"

ఆ మర్నాడు మంచినీళ్ల డ్రమ్ములు రెండూ మధ్యాహ్నానికే ఖాళీ అయ్యాయి. ఫోర్‌మన్ ఈసారి రాలేదు. ఖాళీ చెంబు పంపించాడు.

మూడో రోజు బాబాయి పొడుగాణ్ణి పిలిచాడు. పొడుగాడంటే ఆయన కింద పదేళ్లుగా పనిచేస్తున్న రెండో వంటవాడు. కూర రుచి చూసి "అదిరింది మాస్టారూ" అన్నాడు. అందులో ఇంకా ఉప్పే వెయ్యలేదు.

బాబాయి ఆ కూరలో ఉప్పు వేసి కలిపాడు. తర్వాత నా బల్ల వైపు చూశాడు.

"రా అమ్మాయ్."

అరచెయ్యి చాచాను. కాలింది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందని పొడుగాడూ అంటాడు. నేను నొచ్చుకుంటానని చూడకు. ఏం తక్కువైందో చెప్పు."

బాబాయి ఇంట్లో ఉంటున్న రెండేళ్లలో నేను ఆయన వంటకు వంక పెట్టలేదు. ఎవరూ పెట్టలేదు. అరచేతిలో మిగిలింది మళ్లీ నాకి చూశాను.

"ఉప్పు సరిపోయింది. పులుపు చాల్లేదు. ఉల్లిపాయ ఇంకా పచ్చిగా ఉంది."

పొడుగాడు పనున్నట్టు పక్కకి తప్పుకున్నాడు. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. ముప్పై ఏళ్లలో ఆయన కూరలో ఉల్లిపాయ పచ్చిగా ఉందన్నది నేనొక్కదాన్నే. చెయ్యి గరిటె మీదికి వెళ్లింది, ఆగింది, మంట తగ్గించింది. ఇంకో ఐదు నిమిషాలు మగ్గనిచ్చాడు. పులుపు వేశాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు మీ కూర."

ఆరోజు ఫోర్‌మన్ రెండోసారి వడ్డించుకున్నాడు. ఆయన మెచ్చుకోలు అదే.

పది రోజులకు మిషన్ తొంభై మూడున్నర చూపించింది. బాబాయి నమ్మక, అన్ని గదుల్లోనూ చూసుకున్నాడు. ఫ్యాక్టరీ మూసే ముందు రోజు డాక్టరు గదిలో తొంభై ఒకటీ ఎనిమిది వందలు. డాక్టరు తారీఖు రాసిచ్చి, ఆపరేషనయ్యాక ఆరు వారాలు పొయ్యి దగ్గర నిలబడకూడదన్నాడు.

బాబాయి మొహంలో సంతోషం సగంలో ఆగిపోయింది. ఫ్యాక్టరీ మూసేది మూడు వారాలే. మిగిలిన మూడు వారాలు వండాల్సింది పొడుగాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. మూడు స్టాపులు దాటాక నా వైపు తిరిగాడు.

"ఉప్పు తక్కువైతే వాడి చేత వేయించు. మాట వినకపోతే నా పేరు చెప్పి వేయించు."

"అలాగే."

"ఎక్కువైతే మాత్రం" అని ఆగాడు. "నాకు ఫోన్ చెయ్యకు. మంచం మీద ఉండి ఆ మాట వినలేను."