రుద్దిన చోటు

ఉద్యోగం వదిలి ఎన్నేళ్ళయినా పెద్ద సిస్టరు అన్న పేరు మాత్రం ఆమెను వదల్లేదు. ఆమె వార్డులో దోమ కుట్టాలన్నా ముందు ఆమెను అడిగే కుట్టేదని తోటి నర్సులు చాటుగా నవ్వుకునేవారు. నవ్వినా ఒక మాట ఒప్పుకునేవారు. నెలల తరబడి మంచం పట్టిన రోగికి కూడా ఆమె చేతి కింద వీపు మీద పుండు పడేది కాదు. పొద్దునా సాయంత్రం అరచేతిలో స్పిరిట్ పోసుకుని, ఎముక ఆనే ప్రతిచోటా గుండ్రంగా గట్టిగా రుద్ది, పైన పౌడరు అద్దేది. ఆ కాలంలో నర్సులకు నేర్పిన పద్ధతే అది. తన దగ్గరకు వచ్చిన పిల్లలందరికీ ఆమె కూడా అదే నేర్పింది.

అలాంటి మనిషి అక్కకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మిగిలింది ఒక ఎడమ చెయ్యి, "ఊఁ" అనే ఒక శబ్దం. తల్లి పోయాక చెల్లెలికి జడలు వేసి, పాఠాలు అప్పజెప్పించుకుని, తన పెళ్ళి మాట మరిచిపోయి పెంచిన అక్క ఆమె. ఆసుపత్రిలో ఉంచమంటే పెద్ద సిస్టరు ఒప్పుకుంటుందా?

"ఇక్కడ మీకు వందమంది. నాకు మా అక్క ఒక్కతే," అని డాక్టరు మొహం మీదే అనేసింది. "నా ఇంట్లో ఉంటే ఆమె ఒంటి మీద గీత కూడా పడనివ్వను."

తోడుగా ఒక మనిషిని పెట్టుకోమని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆమె చెవిన వేసుకోలేదు. తనకు ఇంకొకరు సాయమా అన్న పొగరు. అది పొగరేనని నేనంటాను, ఆమెనడిగితే ప్రేమ అనేది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. తర్వాత ఒకరోజు పక్క దుప్పటి మారుస్తుంటే అక్క నడుము కింద, ఎముక తేలిన చోట ఏదో తేడాగా అనిపించింది. అక్కది చామనఛాయ కంటే ఒకింత నలుపు. ఆ రంగులో ఎరుపు కనబడదు. పెద్ద సిస్టరు వేళ్ళ వెనకభాగం ఆనించి చూసింది. చుట్టూ ఉన్న చర్మం కంటే అక్కడ వేడిగా, బిగుసుకున్నట్టు ఉంది. ఇంకెవరైనా అయితే గమనించకుండా దుప్పటి కప్పేసేవారు. ఆమె కన్ను తప్పు చెయ్యలేదు, చేసిందంతా చెయ్యే.

స్పిరిట్ తీసి రుద్దడం మొదలుపెట్టింది.

"ఊఁ… ఊఁ…" అంది అక్క, ఎడమ చేత్తో మంచం పట్టెని పట్టుకుని.

"హాయిగా ఉందా అక్కా? రక్తం ఆడాలి మరి. కాస్త ఓర్చుకో."

మర్నాడు ఆ చోటు ఇంకాస్త నల్లబడింది. అందుకని ఇంకాస్త గట్టిగా రుద్దింది. అక్క ఇంకాస్త గట్టిగా మూలిగింది. చర్మం పొరలా ఊడి వచ్చి దుప్పటికి తడి అంటుకున్నాక గానీ పెద్ద సిస్టరు చెయ్యి ఆగలేదు. వీధి చివర క్లినిక్ నుంచి నర్సమ్మాయిని పిలిపించింది, అదీ కట్టు కట్టే సామాన్ల కోసమని.

ఆ అమ్మాయి వంగి చాలాసేపు చూసింది.

"ఇక్కడ ఏం చేశారమ్మా?"

"ఏం చేస్తాను? స్పిరిట్‌తో రుద్దాను."

"ఇప్పుడు రుద్దొద్దంటున్నారమ్మా," అంది అమ్మాయి మెల్లగా. "ఎముకకీ మంచానికీ మధ్య కండ అప్పటికే నలిగిపోయి ఉంటుంది కదా. మనం పైనుంచి రుద్దితే లోపల ఇంకా చితుకుతుంది. స్పిరిట్‌కి చర్మం ఎండిపోతుంది కూడా."

"మరి నా వార్డులో ఒక్కరికీ పుండు పడలేదే. ఎన్నేళ్ళు రుద్దాను."

"వాళ్ళని పక్కకి తిప్పేవాళ్ళా అమ్మా?"

"తిప్పకపోతే ఎలా? గంట కొట్టినట్టు వేళకి తిప్పించేదాన్ని. ఇద్దరు ఆయాలు ఉండేవారు…"

అని ఆగిపోయింది. ఇక్కడ ఆయాలు లేరు. మోకాళ్ళ నొప్పులతో ఒక్కతే అక్కను తిప్పలేక, పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి మాత్రమే తిప్పింది. ఆ లోటు తీరాలనే రెట్టింపు రుద్దింది. అప్పుడు వార్డును కాచింది తన చెయ్యి కాదు, ఆ ఆయాల చేతులు. ఇన్నేళ్ళ పేరు ఒక్క నిమిషంలో నేలపాలైంది. పేరు పోతే పోయింది, అక్క చెయ్యి మంచం పట్టెని ఎందుకు పట్టుకునేదో ఇప్పుడు తెలిసింది.

డాక్టరు వచ్చి నల్లని చర్మం కోసి తీసేశాడు. దాని కింద పిడికిలంత గొయ్యి, అడుగున తెల్లగా ఎముక. "చీము రక్తంలోకి దిగిందమ్మా," అన్నాడు. "ఈ వయసులో ఇది పూడదు. నొప్పి లేకుండా చూద్దాం, అంతే."

నర్సమ్మాయి రోజూ వేళవేళకీ రావడం మొదలుపెట్టింది, వెంట ఒక మనిషిని తెచ్చుకుని. ఇద్దరూ కలిసి అక్కను ఓరగా తిప్పి, వీపుకు దిండు ఆనించి, పిక్కల కింద ఇంకో దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా ఎత్తేవారు. అక్క కిక్కురుమనలేదు. పెద్ద సిస్టరు గోడకు ఆనుకుని చూస్తూ నిలబడింది.

వాళ్ళ పని అయ్యాక అక్క నుదుటి మీద చెమట కనబడింది. తుడుద్దామని పెద్ద సిస్టరు తడిగుడ్డ పట్టుకుని వంగింది.

అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. ఎడమ చెయ్యి లేపి మొహానికి అడ్డం పెట్టుకుని "ఊఁ" అంది. అదే మూలుగు.

"నుదురే అక్కా… నుదురే తుడుస్తాను," అంది పెద్ద సిస్టరు. అక్క చెయ్యి దించలేదు.

"నేను తుడుస్తాను లెండి," అని నర్సమ్మాయి గుడ్డ అందుకుంది. అప్పుడు అక్క కళ్ళు తెరిచింది.

ఆ తర్వాత అక్క ఎక్కువ రోజులు లేదు. ఉన్నన్ని రోజులూ పెద్ద సిస్టరు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చుంది. వీపు వెనక నుంచి ఎవరి చెయ్యి పడుతుందో అక్కకు కనబడదు కదా. అందుకని నర్సమ్మాయి వంగినప్పుడల్లా అక్కడి నుంచే చెప్పేది:

"భయపడకు అక్కా. నేను కాదు."