ఒక్క పిలక

మా ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పెరట్లోని తెల్లపూల చెట్టు వేళ్లు బాత్రూం పైపులోకి దూరాయని చెట్టునే కొట్టించేశారు. చెట్టు పోయింది గానీ పోరు పోలేదు. మొద్దు చుట్టూ, బట్టలుతికే గట్టు పగుళ్లలో, చివరికి మెట్ల సందుల్లో కూడా పిలకలు లేచాయి. ఉప్పు పోశారు, కిరసనాయిలు పోశారు, నల్ల పట్టా కప్పారు. పట్టాను కూడా ఎత్తుకుని లేచాయవి. ఆఫీసులో ఎవరి మీదా చెల్లని కోపమంతా ఆయన వాటి మీద తీర్చుకునేవారు. కనబడ్డప్పుడల్లా గిల్లేస్తుంటే కొన్నాళ్లకు వేరుకే ఓపిక చచ్చిపోతుంది, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అన్నాను. నా మాట ఎప్పుడు విన్నారు గనక.

పురుగుమందుల కొట్టాయన వేరును చంపే మందు సీసా చేతికిస్తూ ఒక్కటే అడిగాడు, అదే వేరు మీద లేచిన చెట్టు దగ్గర్లో ఇంకోటి ఉందా అని.

"మా పెరట్లో లేదండీ," అన్నారు ఈయన.

అందులో అబద్ధం లేదు. అన్నదమ్ములు ఇల్లు పంచుకుని మధ్యలో గోడ కట్టుకున్నప్పటి నుంచి మా ఇంట్లో లెక్కలన్నీ ఆ గోడ దాకానే.

గోడ అవతల మా మరిది వాళ్లకొక చెట్టుంది. మా చెట్టు వేరు గోడ కింద నుంచి వెళ్లి అటు పిలక వేస్తే, వాళ్ల పాప దాని చుట్టూ ఇటుకలు పేర్చి ఎవరూ తొక్కకుండా కాపలా కాసింది. ఆ పాప జ్వరమొచ్చి పోయింది. చెట్టు మాత్రం కిటికీ దాటి పెరిగింది. మా తోడికోడలు కూరలు తరగడం, తల దువ్వుకోవడం, ఏడవడం అన్నీ దాని కిందే.

మా ఆయన మొద్దుకు బెజ్జాలు పెట్టి మందు పోశారు. పిలకలు నల్లబడి వాలిపోయాయి. ఆ వారమంతా ఆయన హుషారుగా అన్నం తిన్నారు.

ఆ తర్వాత గోడ మీదుగా మా వైపు ఆకులు రాలడం మొదలైంది. పండుటాకులు కావు, అంచులు మాడిన పచ్చివి. ఒక ఆకు తీసుకెళ్లి ఆయనకు చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కాఫీ తాగకుండానే కూర్చుండిపోయారు.

సాయంత్రం తోడికోడలు గోడ దగ్గరికొచ్చి పిలిచింది.

"అక్కా, మా చెట్టుకేదో తెగులొచ్చింది. మొన్న బావగారు ఏదో మందు తెచ్చారుగా, మిగిలితే కొంచెం ఇస్తారా?"

వెనక నుంచి మా ఆయన వచ్చారు. తప్పు ఒప్పుకుని ఎరగని మనిషి.

"ఆ మందు వల్లేనమ్మా అది పోతోంది. రెండిటికీ ఒకటే వేరు. నాకు తట్టలేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. మళ్లీ చిగురేస్తుందా అని మాత్రం అడిగింది.

చెట్టు నిలువునా ఎండిపోయింది. ఇప్పుడు మా ఆయన రోజూ పొద్దున్నే గట్టు పగుళ్లు, మెట్ల సందులు వెతుకుతారు. గడ్డి మొలక కనబడినా వంగి చూస్తారు. ఒక్క పిలక లేస్తే చాలు, కుండీలో పెట్టి ఇచ్చేద్దామని ఆశ. మందు మంచిదే, ఒక్కటీ లేవలేదు.

అవతల ఎండిన చెట్టుకు నీళ్లు పోస్తూ ఆమె రోజూ అడుగుతుంది.

"ఏమైనా లేచిందా బావగారూ?"

"ఇంకా లేదమ్మా," అంటారు. ఉత్త 'లేదు' అనడానికి ఆయనకు నోరు రావడం లేదు.