అందరూ బయటికొచ్చారు

నూకరాజు దరఖాస్తును బల్లమీద పరిచి, మడతపడిన మూలను బొటనవేలితో రుద్దాడు. పొద్దున్నుంచి ఇది మూడో బల్ల. పోలీసుల సంతకం అయింది, ఫైరువాళ్లదీ అయింది. చివరిది నీటి ఆఫీసు. ఈ వరుస తప్పనివ్వడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. సన్నటి మెడ, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు.

భిలాయి ఉక్కు ప్లాంటులో ముప్పై ఆరేళ్లు ఆయన చేసిన పని ఇదే. బొగ్గు మోసే బెల్టు రిపేరుకు మనుషులు దిగాలంటే కరెంటువాళ్ల దగ్గరా, గ్యాసువాళ్ల దగ్గరా పర్మిట్ మీద సంతకాలు పట్టుకురావాలి. పనయ్యాక మనుషుల్ని లెక్కపెట్టి, అందరూ బయటికొచ్చారని రాసి, ఆ పర్మిట్ తీసుకున్నవాడే తిరిగివ్వాలి. అప్పటిదాకా బెల్టు కదలదు. ఇన్నేళ్లలో అక్కడ తయారయ్యే ఒక్క రైలుపట్టానైనా చేత్తో తాకలేదని భార్య బతికున్నన్నాళ్లూ వేళాకోళం చేసేది.

రిటైరయ్యాక భిలాయిలోనే కోహ్కా పేటలో ఉండే తెలుగువాళ్లు తెప్పల పందెం పర్మిషన్ పని ఆయనకే అప్పగించారు. ఏటా ఒక ఆదివారం ఊరిచివర రిజర్వాయరులో నాలుగు తెప్పలు పోటీపడతాయి. మర్నాడు, ప్లాంటు అలవాటుకొద్దీ, పర్మిషన్ కాగితం వెనక నాలుగు ముక్కలు రాసి నీటి ఆఫీసులో తిరిగిచ్చి వచ్చేవాడు. అలా ఇవ్వాలని ఏ రూల్లోనూ లేదు.

"రిటర్న్ అంకుల్ వచ్చేశారు!" క్లర్కు మనోజ్‌కుమార్ నవ్వాడు. "ఈసారి ముష్కిల్ అంకుల్. సాబ్ ఎవరికీ పర్మిషన్ ఇవ్వట్లేదు."

"ఏటి, ఎందుకంట?"

"ఎక్కడో చెరువులో పడవ తిరగబడిందంట కదా."

తోడొచ్చిన పక్కింటి ఫ్లోరా ముఖం వాడిపోయింది. ఎల్లుండి పందెం నడిపించాల్సింది ఆవిడే. "ఈ ఏడు ఆగితే ఇంక జరగదు బాబాయ్. తెడ్డేయడం వచ్చినోళ్లు మిగిలిందే ఎనిమిదిమంది. పిల్లలు కళ్లతో చూడకపోతే ఎలా నేరుస్తారు?"

మనోజ్‌కుమార్ వాళ్లను లోపలికి తీసుకెళ్లాడు. ఆఫీసరు తలెత్తకుండానే హిందీలో అడిగాడు. "నీళ్లలోకి దిగినవాళ్లంతా తిరిగొచ్చారని నాకెవరు చెప్తారు?"

నూకరాజుకు పూడిమడక ఒడ్డు గుర్తొచ్చింది. పొద్దుగూకేవేళ తండ్రి మోకాలిలోతు నురగలో నిలబడి, వేళ్లు మడుస్తూ తెప్పలు లెక్కపెట్టేవాడు. పద్నాలుగూ వస్తేనే ఇంటివైపు తిరిగేవాడు. ఉప్పుగాలి, తడివల వాసన. అవన్నీ వదిలొచ్చి నలభై నాలుగేళ్లు.

"నేను చెప్తాను సార్. ఎనిమిదేళ్లుగా చెప్తూనే ఉన్నాను."

మనోజ్‌కుమార్ నవ్వు ఆగిపోయింది. బీరువా అడుగు అరలోంచి ఒక కట్ట తీసి, దుమ్ము దులిపి ఆఫీసరు ముందు పెట్టాడు. ఎనిమిది కాగితాలు. ప్రతిదాని వెనకా హిందీలో ఒకే గుండ్రటి చేతిరాత. తెప్పలు నాలుగు, మనుషులు ఇంతమంది, అందరూ బయటికొచ్చారు, రిజర్వాయరు అప్పగించడమైనది. మొదటి కాగితంలో మనుషులు పదహారు. చివరిదానిలో ఎనిమిది.

ఆఫీసరు ఎనిమిదీ చదివాడు. నూకరాజును కూర్చోమన్నాడు. అప్పుడు సంతకం పెట్టాడు.

బయట మెట్లమీద నూకరాజు కాళ్లు తడబడ్డాయి. ఫ్లోరా చెయ్యి పట్టుకుంది. "సైకిలు ఇక్కడే వదిలీండి బాబాయ్. స్కూటీ ఎక్కండి."

"నీ బండెక్కితే పేనం మీద ఆశ వదిలేసుకోవాలి."

"మీ పర్మిషన్ తీసుకునే నడుపుతాన్లెండి."

సాయంత్రం ఆవిడ తెచ్చిచ్చిన టీ తాగి, తన ఇంటి గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకు గ్లాసు కోసం వచ్చి పిలిస్తే పలకలేదు.

మర్నాడు, శనివారం, ఆయన్ని శ్మశానానికి సాగనంపారు. పందెం ఆపేద్దామని కొందరన్నారు. ఆయన చివరిగా తెచ్చిన కాగితం వృథా కానివ్వనని ఫ్లోరా పట్టుబట్టింది. ఆదివారం పిల్లలు గట్టంతా నిండి కేకలు వేస్తుంటే, ఆవిడ నీళ్ల అంచున నిలబడి తెప్పల్నీ మనుషుల్నీ లెక్కపెట్టింది.

సోమవారం ఆ కాగితం వెనక ఆయన రాసే ముక్కలే రాసి, పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. "తీసుకున్నాయన లేరు. నేనిస్తే చెల్లుద్దా?"

మనోజ్‌కుమార్ లేచి నిలబడ్డాడు. "చెల్లుద్ది దీదీ," అంటూ రెండు చేతులా అందుకుని, కట్టలో అన్నిటికన్నా పైన పెట్టాడు.

ఆవిడ బయటికొచ్చింది. ఆఫీసు స్టాండులో నూకరాజు సైకిలు తాళం వేసింది వేసినట్టే ఉంది. సీటుకు తొడిగిన ప్లాస్టిక్ సంచి మీద మూడురోజుల దుమ్ము. హ్యాండిలుకు తీగతో కట్టిన ప్లాంటు సైకిల్ స్టాండువాళ్లిచ్చిన ఇత్తడి బిళ్ల, అంకెలు సగం అరిగిపోయి, ఎండలో మెరుస్తోంది.