నాలుగో లాకు

తెల్లవారి ఐదున్నర కాకుండానే పళ్ళాయన భోజనాల బల్ల ముందు కూర్చుని, మామగారు నిన్న చేసిన తప్పులు దిద్దడం మొదలుపెట్టాడు. చప్పుడు కాకూడదు. పక్క గదిలో మామగారి గురక వినబడుతున్నంతసేపూ భయం లేదు. అది ఆగిందా, చేతిలో ఉన్నది ఉన్నచోట పెట్టేసి మంచినీళ్ళ కోసం వచ్చినవాడిలా నిలబడాలి. నాలుగు నెలలుగా ఇదే దొంగతనం.

బల్ల మీద పాత దుప్పటి ముక్క, దాని మీద విమానం. ఎప్పటిదో యుద్ధంలో ఎగిరిన ఒంటి సీటు ఫైటరుకు ప్లాస్టిక్ నమూనా. ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు మూర పైనే ఉంటుంది. మూడొందల చిల్లర ముక్కలు. ఆ యుద్ధం రోజుల్లో మామగారు సరిగ్గా ఇలాంటి విమానాలకే మెకానిక్కు. ఆయన ఈ ముక్కల పెట్టె తెప్పించుకున్న రోజున కూతురు నవ్వింది. "ఈ వయసులో బొమ్మలేంటి నాన్నా?" ఆయన మాత్రం నవ్వలేదు. వణికే చేతులతో, జిగురు కార్చుకుంటూ, చక్రాలు వంకరగా అతికిస్తూ, రోజూ నాలుగు గంటలు కూర్చునేవాడు.

పళ్ళాయన అసలు వృత్తి కట్టుడు పళ్ళు చేయడం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే బల్ల, అదే దీపం, చిగుళ్ళకు వాడే అదే గులాబీ రంగు పొడి. వీధిలో అందరూ ఆయన్ను అలాగే పిలుస్తారు. కొత్తగా అద్దెకు దిగిన ఒకావిడ అరటిపళ్ళు డజను ఎంతని తలుపు తట్టింది కూడా. ఈ ఊళ్ళో ఎన్ని నోళ్ళలో ఆయన చేసిన పళ్ళున్నాయో చెప్పలేం. పొగడ్త వస్తే పళ్ళ డాక్టరుకు వెళ్తుంది, తిట్టు వస్తే మాత్రం దారి తప్పకుండా ఆయన దగ్గరికే వస్తుంది. అందుకే ఆయన ఎక్కడా వంక దొరకనివ్వడు. సందు కనబడితే పూడ్చాలి, ఎత్తు కనబడితే అరగదీయాలి. మామగారి సంతోషం కోసమే ఈ దిద్దుబాటు అని తనకు తాను చెప్పుకున్నాడు. ఇంట్లో ఒక వంకర వస్తువు ఉంటే తనకు నిద్ర పట్టదన్న సంగతి మాత్రం చెప్పుకోలేదు.

ఈ రోజు పని ముక్కు దగ్గర. ఇంజన్ ఎడమ పక్కన అగ్గిపెట్టెలో సగం ఉండే మూత. దాని ముందు మూల గోరు మందాన పైకి లేచి ఉంది. మామగారు పదకొండు రోజులుగా ఆ మూతతోనే కుస్తీ పడుతున్నాడు. పదకొండు రోజులు పడి చివరికి ఇదా అని పళ్ళాయనకు జాలేసింది. మూల నొక్కి పట్టి చుక్క జిగురు వదిలాడు. సందులో పేస్టు కూరాడు. పళ్ళకు మెరుగు పెట్టే గుడ్డతోనే రుద్ది, పైన ఆకుపచ్చ రంగు వేశాడు. అక్కడ ఒకప్పుడు సందు ఉండేదని ఒట్టేసి చెప్పినా ఎవరూ నమ్మరు.

గురక ఆగింది. పళ్ళాయన లేచి గ్లాసు అందుకున్నాడు.

వంటగదిలో భార్య టీ పోస్తూ, తల తిప్పకుండానే అడిగింది. "మళ్ళీ చెయ్యి పెట్టారా?"

"కొంచెమే."

"వచ్చినవాళ్ళందరికీ మా నాన్న చేశాడని చూపిస్తున్నాను. అది ఆయన చేసిందో మీరు చేసిందో నాకే తెలీడం లేదు."

"బాగుందా లేదా అది చెప్పు."

"బాగుందండీ. అదే నా బాధ."

*

పదిన్నరకు డాక్టరు పై అంతస్తులోని క్లినిక్కు నుంచి కింద ల్యాబుకు దిగి, పళ్ళ సెట్టు ఒకటి తెచ్చి పళ్ళాయన బల్ల మీద పెట్టాడు. పెట్టడం కాదు, పడేశాడు.

"ఏమయ్యా, ఈవిడ ఫొటో ఇచ్చానా లేదా?"

"ఇచ్చారండీ."

"ఫొటోలో ముందు పళ్ళ మధ్య సందు కనబడిందా?"

"కనబడిందండీ. బాగుంటుందని మూసేశాను."

"నిన్నెవరు అడిగారు? అద్దంలో చూసుకుని ఒకటే ఏడుపు. ఇది నా మొహం కాదు, మా ఆయన బతికొచ్చినా నన్ను గుర్తుపట్టడు అంటోంది. సాయంత్రం వస్తుంది, ఏం చేస్తావో చెయ్యి."

డాక్టరు మెట్లెక్కాక, పక్క బల్ల మీద మెరుగు పెట్టే ఆయన మిషన్ ఆపాడు. "ఆవిడ సందు ఆవిడకిచ్చెయ్ గురూ. మనకెందుకొచ్చిన సొమ్ము?"

అందరూ నవ్వారు. పళ్ళాయన ఫొటో తీసి దీపం కింద పెట్టుకున్నాడు.

రెండు పళ్ళు ఊడబెరికి మళ్ళీ మొదలుపెట్టాడు. సందు పెట్టడం ఎంతసేపు అనుకున్నాడు. మొదటిసారి వెడల్పైంది. రెండోసారి తిన్నగా, గీత గీసినట్టు వచ్చింది. ఫొటోలో సందు కింద కొంచెం విచ్చుకుని, ఎడమకు ఒరిగి ఉంది. ఇన్నేళ్ళలో ఒక లోపాన్ని కావాలని చేతులతో తయారుచేయడం ఆయనకు ఇదే మొదలు. అది తప్పుల్లేకుండా రావడానికి నాలుగైంది. డబ్బాలోని అన్నం ముట్టలేదు.

ఆవిడ వచ్చి, పెట్టుకుని, అద్దం చూసుకుని, నాలుక కొసతో ఆ సందును తడుముకుంది. ఇల్లు చేరిన మనిషిలా ఊపిరి వదిలింది. థాంక్స్ డాక్టరుకు చెప్పి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక పళ్ళాయన లెక్క వేసుకున్నాడు. ఒక్క సందుకు తనకు ఒక పూట పట్టింది. మామగారికి ఆ మూతకు పదకొండు రోజులు.

చేతకాక వదిలేసిన మూల అలా ఉండదు. మిగతా మూడు మూలలూ ఎంత నున్నగా కూర్చున్నాయో ఇప్పుడు గుర్తొచ్చింది. వంకరగా వచ్చింది కాదు. వంకరగా చేసింది.

బస్సు ట్రాఫిక్‌లో ఆగింది. పళ్ళాయన దిగి పరుగులాంటి నడకతో ఇంటిదారి పట్టాడు. మామగారు బల్ల దగ్గరికి వచ్చేది మధ్యాహ్నం నిద్ర లేచాకే, అదీ ఆలస్యంగా. కళ్ళు మసక. ఇంకా చూసి ఉండడు. చూసేలోపు తీసెయ్యాలి.

*

భార్య బజారుకు వెళ్ళింది. మామగారు బల్ల ముందు, దీపం వేసుకుని కూర్చున్నాడు. చూపుడువేలు ఆ మూల మీదే ఉంది.

"కూర్చో అల్లుడూ."

కూర్చున్నాడు.

"చక్రాలు నువ్వే దిద్దావని తెలుసు. తోక కూడా. నాకు కళ్ళు మసకే గానీ వేళ్ళకు మసక లేదు."

పళ్ళాయన తల వంచుకున్నాడు. "మరి అప్పుడే అడగలేదేం మామయ్యా?"

"పొద్దున్నే లేచి సరదా పడుతున్నావు గదా. పోనీలే అనుకున్నాను."

ఆ ఒక్క మాటతో నాలుగు నెలల ఉపకారం తలకిందులైంది. ఇంతకాలం ముసలాయన మనసు నొప్పించకుండా తను కాపాడుతున్నాననుకున్నాడు. కాపాడుతున్నది ఆయన.

"దీనికి మూలకొకటి, నాలుగు లాకులు." మామగారు మూత చుట్టూ వేలు తిప్పాడు. "యుద్ధంలో ఒక పొద్దున మూడు వేశాను. నాలుగోది వేయబోతుంటే సీట్లోంచి పైలటు వంగి, నా మోటారు సైకిలు కూడా నువ్వే చూడాలి, నీ చెయ్యి పడితే చాలు అన్నాడు. నాకంటే చిన్నవాడు. పొగిడాడు గదా, నవ్వుతూ దిగిపోయాను. అంతా సరిగ్గా ఉందని కాగితం మీద సంతకం కూడా పెట్టాను."

ఆయన వేలు మళ్ళీ ముందు మూల దగ్గరికి వచ్చింది.

"విమానం పరుగందుకున్నాక చూశాను. ముందు మూల లేచి ఉంది. ఆగమని చెయ్యి ఊపాను. వెళ్ళిరమ్మంటున్నాననుకుని వాడూ ఊపాడు. తిరిగి రాలేదు. శత్రువులు కూల్చారని రాసుకున్నారు. అయ్యుండొచ్చు. మూత ఊడి ఉండొచ్చు. నన్నెవరూ అడగలేదు. నేనూ నోరు విప్పలేదు. మీ అత్తయ్యకు కూడా, ఆవిడ పోయేదాకా చెప్పలేదు."

"మామయ్యా..."

"అమ్మాయి ఇది అందరికీ చూపిస్తుంది గదా. ఎవరో ఒకరు, ఈ మూలేంటి ఇలా లేచింది అని అడుగుతారు. అడిగితే చెప్పేద్దామని చేశాను. నా అంతట నాకు నోరు రావట్లేదు." ఆయన మొదటిసారి అల్లుడి మొహంలోకి చూశాడు. "నువ్వు చూశావు. చూసి అడగలేదు. మూసేశావు."

పళ్ళాయనకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఇప్పుడే తీసేస్తాను," అన్నాడు.

"నువ్వొద్దు. కత్తివ్వు."

పళ్ళాయన తన పెట్టెలోంచి మైనం చెక్కే సన్నటి కత్తి తీసి, పిడి అటు తిప్పి ఇచ్చాడు. పెళ్ళైన ఇరవై ఆరేళ్ళలో ఆ కత్తి ఇంకొకరి చేతికివ్వడం ఇదే మొదటిసారి.

"వెళ్ళి టీ పెట్టు. నువ్వు చూస్తుంటే నా చెయ్యి ఇంకా వణుకుతుంది."

వంటగదిలో నీళ్ళు పెట్టి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అక్కడినుంచి కత్తి గీకుడు వినబడుతూనే ఉంది. గీకడం, ఆగడం, మళ్ళీ గీకడం. టీ పొంగింది. గీకుడు ఆగింది. అయిపోయిందనుకున్నాడు. అయినా వెంటనే వెళ్ళలేదు. ఆ మొహాన్ని మళ్ళీ చూడ్డానికి ధైర్యం చాలక, కడిగిన గ్లాసులే ఇంకోసారి కడిగాడు.

రెండు గ్లాసులతో వచ్చేసరికి మామగారు బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. చెంప దుప్పటి ముక్కకు ఆనింది. కత్తిని కింద పడేయలేదు. పని ముగించిన మెకానిక్కులా, విమానం పక్కన తిన్నగా పెట్టాడు. పళ్ళాయన గ్లాసులు బల్ల మీద పెట్టి పిలిచాడు. ముట్టుకున్నాడు. ఊపిరి లేదు. గ్లాసులు ఇంకా పొగలు కక్కుతున్నాయి.

*

ఏడైంది. ఇరుగుపొరుగు వచ్చి వెళ్ళారు. మామగారిని గదిలో మంచం మీద పడుకోబెట్టారు. భార్య ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, చుట్టాలు వచ్చేలోపు ఇల్లు సర్దాలని లేచింది. బల్ల దగ్గర ఆగింది.

"ఏవండీ, ఇక్కడ పెచ్చు లేచింది చూడండి. అందరూ వస్తారు. నాన్న చేసింది చూస్తారు. కాస్త సరిచెయ్యండి."

పళ్ళాయన పెట్టె తెరిచి ఉంది. జిగురు, పేస్టు, ఆకుపచ్చ సీసా. రెండు నిమిషాల పని. చేస్తే ఎవరూ ఏమీ అడగరు. వేళ్ళు వాటంతటవే జిగురు వైపు కదిలాయి.

పెట్టె మూసేశాడు.

"వద్దు."

"వద్దా? మీరా అంటున్నది?" ఆమె వంగి ఇంకా దగ్గరగా చూసింది. "అసలు ఈ మూలేంటండీ, ఇలా లేచి ఉంది?"

పళ్ళాయన గదివైపు చూశాడు. రెండు గంటల ముందు ఈ మాట ఎవరైనా అడిగి ఉంటే! పొద్దున్నే తను అడిగి ఉంటే!

"కూర్చో," అన్నాడు. పెట్టె పక్కకు జరిపాడు. మళ్ళీ అన్నాడు. "కూర్చో. పొద్దున దాన్ని మూసింది నేను. ముందు అది విను. తర్వాత మీ నాన్న మాట చెప్తాను."

ఆమె కుర్చీ లాక్కుంది. ఇద్దరి మధ్య, తొరకకట్టిన రెండు టీ గ్లాసుల పక్కన, విమానం వీధి గుమ్మం వైపు ముక్కు పెట్టుకుని ఉంది. మూత మూడు మూలలూ గట్టిగా కూర్చున్నాయి. గీతలు పడ్డ నాలుగో మూల మాత్రం, గోరు మందాన, పైకి లేచి ఉంది.