బాయిలర్‌కు ఊపిరాడని రోజు

లాండ్రీ వెనక పెరట్లో ఉన్న కట్టెల బాయిలర్ ఆ ఉదయం అలిగి కూర్చుంది. కట్టెలు పెడితే రాజుకోవు, రాజుకుంటే మండవు. పొగ మాత్రం గొట్టంలోంచి బద్ధకంగా ఒళ్లు విరుచుకుంటూ బయటికొస్తోంది. లోపల నర్సింగ్‌హోమ్ దుప్పట్లు మూటలు మూటలుగా పడి ఉన్నాయి. సాయంత్రానికల్లా వేడినీళ్లలో ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి పంపాలి.

లాండ్రీ నడిపేది భార్య, బాయిలర్ చూసుకునేది భర్త. కాబట్టి తప్పెవరిదన్న మీమాంస లేదు.

"కట్టెలు తడిగా ఉన్నాయేమో," అంది ఆమె.

"పోయినేడు కొట్టించినవి. నెపం కట్టెల మీదికి నెట్టకు."

అతను బూడిద ఎత్తిపోశాడు. నిచ్చెనెక్కి పొగగొట్టంలో బ్రష్షు దింపి, మసంతా రాల్చాడు. దిగేసరికి కళ్లు, పళ్లు తప్ప ఇంకేమీ తెల్లగా లేవు. మళ్లీ అంటించాడు. మళ్లీ అదే పొగ.

సరిగ్గా అప్పుడే అతని అక్క కర్టెన్ల సంచితో వచ్చింది. సిటీ బస్సు నడుపుతుంది. ఆ రోజు సెలవు.

"ఏరా, మొహానికేంటది?"

"నవ్వకక్కా. గాలి ఆడట్లేదు దీనికి."

"గాలి ఊదే ఫ్యాన్ చూశావా?" అంది భార్య.

"తిరుగుతోందిగా, వినపడట్లా?"

"తిరగడం వేరు, పని చెయ్యడం వేరు. నువ్వూ పొద్దున్నించీ తిరుగుతూనే ఉన్నావు."

అక్క పకపకా నవ్వింది. భార్య పలచటి కాగితం ముక్క చింపి, ఆరిపోయిన పొయ్యిలోకి గాలి వచ్చే కన్నం దగ్గర పట్టుకుంది. కాగితం ఉలకలేదు, పలకలేదు. అతను స్విచ్ కట్టేసి ఫ్యాన్ విప్పాడు. రెక్కల నిండా తెల్లటి నూగు దిండులా మెత్తగా పేరుకుపోయి ఉంది.

"పిట్టలు గూడు కట్టాయి," అన్నాడు.

"పిట్టలకి ఇంత దూది ఎక్కడ దొరుకుతుందిరా?" అంటూ అక్క మరదలిచ్చిన టీ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. టీ మీద తెల్లటి పోగొకటి తేలుతోంది. తలెత్తి చూసింది. లోపల నిన్నటి బట్టల్ని ఆరబెడుతున్న యంత్రం గొట్టం గోడలోంచి బయటికి పొడుచుకొచ్చి, వెచ్చటి గాలితో పాటు నూగు కక్కుతోంది. ఆ నూగు తిన్నగా బాయిలర్ వైపే పోతోంది.

"ఈ గొట్టం ఇటెప్పుడు తిరిగింది, వదినా?" భార్య అడిగింది.

"నన్నడుగుతావేం? మావాణ్ణడుగు."

అతను నేల చూపులు చూశాడు. "ఆ వేడంతా ఇస్త్రీ బల్ల దగ్గరే ఆగిపోయేది. నీకు వీపంతా చెమటకాయలొచ్చాయిగా. అందుకని నువ్వు బజారుకెళ్లినప్పుడు..."

దులిపేద్దామని నోరు తెరిచిన ఆమె, చేత్తో వీపు తడుముకుంది. ఈమధ్య బల్ల దగ్గర హాయిగా ఉంటే, ఎండలు తగ్గాయనుకుంది.

"చెప్పి చెయ్యొచ్చుగా?"

"చెప్తే వద్దంటావుగా."

"అంటాను," అని ఒప్పేసుకుని నవ్వేసింది.

అతను పాత పళ్లబ్రష్షుతో రెక్కలన్నీ తోమాడు. ఆమె గొట్టానికి ఇంకో ముక్క అతికించి, కప్పు దాటేలా పైకి తిప్పించింది. అక్క నిచ్చెన పట్టుకుని, "ముందుకు జరగాలి, ముందుకు!" అని బస్సులో అరిచినట్టే అరిచింది. ఈసారి అగ్గిపుల్ల గియ్యగానే మంట గుప్పున లేచి, హోరుమంటూ కట్టెల్ని చుట్టేసింది. నీళ్లు చురుక్కుమనే సరికి ముగ్గురూ దుప్పట్ల మీద పడ్డారు. అక్క కర్టెన్లు మూలనే ఉండిపోయాయి. ఆవిడే మర్చిపోయింది.

నర్సింగ్‌హోమ్ వ్యాన్ హారన్ కొట్టేసరికి ఆఖరి కట్ట అప్పుడే బల్ల దిగింది. డ్రైవర్ దాన్ని రెండు చేతులా అందుకుని, దించబుద్ధి కాక గుండెలకు హత్తుకున్నాడు.

"ఎంత వెచ్చగా ఉన్నాయమ్మా! చలికాలమంతా ఇలాగే ఇద్దురూ."